హడోజీల మజాక్



ఈసారి తారీఖ్ ముచ్చటను ఒక ఆటతో మొదలుపెడుతున్నాను. జహంగీర్ దర్బారుకూ బస్రా బజారుకూ కూడా వెళ్తాం, కంగారు పడకండి.

"డంజన్స్ అండ్ డ్రాగన్స్" పేరు మన ఇళ్లలో అమ్మీ అబ్బాలకు తెలియకపోవచ్చు, కాలేజీకి వెళ్లే పిల్లలకు తెలుసు. నలుగురైదుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితో కథ నడిపించే ఆట ఇది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. మన దాస్తాన్‌గోయీకి దూరపు చుట్టం అనుకోండి. దాస్తాన్ ఒక్కడే చెబుతాడు, ఇక్కడ కూర్చున్న ప్రతివాడూ కథలో ఒక పాత్ర. చుట్టరికం ఊరికే కలపడం లేదు. జిన్, ఇఫ్రీత్, గూల్ అన్నీ మన అల్ఫ్ లైలా లోకం నుంచి ఆ ఆటలోకి వెళ్లినవే. 1979లో వచ్చిన గైడ్ పుస్తకం అట్ట మీద బొమ్మ ఇఫ్రీత్‌దే.

ఆట మొదలయ్యే ముందు ప్రతివాడూ తన పాత్ర ఏ నస్ల్‌దో ఎంచుకోవాలి. మనిషా, ఎల్ఫా, డ్వార్ఫా అని. పుస్తకాల్లో దీన్ని చాలా ఏళ్లు "రేస్" అనే రాశారు. వీటిలో కొన్ని నస్ల్‌లు వీరుల కోసం, కొన్ని నరకడానికి శత్రువుల కోసం, ఇంకొన్ని ఫక్త్ నవ్వుకోవడానికి.

నవ్వుకోవడానికి పెట్టిన వాటిలో పేరుమోసినవాళ్లు గల్లీ డ్వార్ఫ్‌లు. 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ నవలల్లో, వాటితో వచ్చిన ఆట పుస్తకాల్లో ఉంటారు. ఇంగ్లీషులో గల్లీ అంటే నీళ్లు కోసిన గుంట. మన చెవికి మాత్రం అది మన గల్లీయే. మురికిగా ఉంటారు, ఎలుకలు తింటారు, రెండుకు మించి లెక్కపెట్టలేరు. ఎదురుగా ఎంతమంది ఉన్నా వాళ్ల లెక్క రెండే. చదివితే నవ్వొస్తుంది, రాదని అబద్ధం చెప్పను. కానీ వాళ్ల పుట్టుక గురించి పుస్తకం చెప్పే మాట దగ్గర ఆగాలి. డ్వార్ఫ్‌లకూ గ్నోమ్‌లకూ మధ్య సంబంధాలు కలిసి పుట్టిన ఔలాద్ అట వాళ్లు. ఇటువాళ్లూ వెలేశారు, అటువాళ్లూ వెలేశారు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ నికా జరిగితే నేరమనే చట్టాలు 1967లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా బతికున్న దేశంలో, రెండు నస్ల్‌లు కలిస్తే మొద్దు సంతానం పుడుతుందనే జోకు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

గల్లీ డ్వార్ఫ్‌ల మీద బహస్ చిన్నగానే నడిచింది. పెద్ద తుఫాను లేచింది మరో నస్ల్ దగ్గర.

హడోజీలు కోతి రూపం. చేతికీ కాలికీ మధ్య చర్మం రెక్కలా సాగుతుంది, ఎత్తు నుంచి గాలిలో జారుతూ దిగుతారు. 1982లో అదే కంపెనీ వేసిన స్టార్ ఫ్రాంటియర్స్ ఆటలో యాజిరియన్లనే పేరుతో ఇలాంటివాళ్లే ఉన్నారు. నక్షత్రాల మధ్య ఓడలు తిరిగే స్పెల్‌జామర్ లోకంలోకి 1990లో హడోజీలై వచ్చారు. ఓడపనిలో దిట్టలు కాబట్టి "డెక్ ఏప్" అనే పేరు పెట్టారు. అమెరికా నౌకాదళంలో డెక్ మీద పనిచేసే కళాసీలను ఎగతాళిగా పిలిచే మాట అది. మజాక్ అంతవరకే: కళాసీ కోతిలా తాళ్లెక్కుతాడంటారు కదా, ఇదిగో నిజం కోతి! 2005లో మరో పుస్తకంలో మళ్లీ వచ్చారు. ఎవరికీ పెద్ద అభ్యంతరం కలగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

2022 ఆగస్టు 16న స్పెల్‌జామర్ కొత్త రూపంలో వచ్చింది. ఈసారి హడోజీలకు ఒక కొత్త కిస్సా కలిపారు. కొన్ని వందల ఏళ్ల కిందట వాళ్లు మామూలు జంతువులు. ఒక మాంత్రికుడు ఓడలతో వచ్చి కొన్ని డజన్లమందిని పట్టుకుపోయాడు. ఏదో అర్క్ తాగించాడు, వాళ్లకు బుద్ధీ మాటా వచ్చాయి. సిపాయిలుగా తయారుచేసి ఎక్కువ ధర పలికినవాడికి అమ్మాలని అతని పన్నాగం. ఆ అర్క్ వల్ల ఇంకో ఫలితం, దెబ్బలు తగిలినా తట్టుకునే శరీరం. చివరికి మాంత్రికుడి షాగిర్దులకు వీళ్ల మీద మమకారం పుట్టి, వాళ్ల సాయంతో హడోజీలు తప్పించుకున్నారు. పక్కన ఒక బొమ్మ: ఒక హడోజీ చేతిలో తంబూరా లాంటి వాయిద్యం, ఒక కాలు పైకెత్తి చిందు.

రెండు వారాల్లోపే ఆటగాళ్ల మధ్య బహస్ మండిపోయింది. ఒక వర్గం ఆ బొమ్మను పట్టుకొచ్చి, దాని పక్కన 19వ శతాబ్దపు అమెరికన్ నాటకాల పోస్టర్లు పెట్టింది. రెండింట్లోనూ అదే కాలు, అదే చిందు, అదే వాయిద్యం. రెండో వర్గానికి కోపం వచ్చింది. అవి కోతులు, నల్లవాళ్లు కాదు, కోతిని చూస్తే నల్లవాళ్లు గుర్తొచ్చారంటే ఐబ్ చూసినవాడి బుర్రలో ఉందన్నారు. మూడోవాళ్లు అలసిపోయి, ఇది ఆట, కాసేపు నవ్వుకోనివ్వండి అన్నారు. హడోజీ పాత్రలనే ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు కొందరున్నారు, నాకు ఎక్కువ నచ్చింది వీళ్ల మాట: మా నస్ల్‌ను తీసేయకండి, కిస్సాను మార్చండి, వాళ్ల ఆజాదీని షాగిర్దుల చేతుల్లో ఎందుకు పెట్టారు?

రెండో వర్గం వాదన పైకి బలంగా ఉంటుంది. తారీఖ్ పక్కన పెట్టకపోతే బలంగానే నిలుస్తుంది కూడా. పక్కన పెట్టి చూద్దాం.

1830ల ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు మొహానికి నల్లరంగు పూసుకుని, చిరిగిన బట్టలేసుకుని, "జిమ్ క్రో" అనే నల్ల గులాం వేషంలో ఎగిరి ఎగిరి పాడాడు. జనం పడి పడి నవ్వారు. 1843 నాటికి ఇది పూర్తి తమాషాగా మారింది, మిన్‌స్ట్రెల్ షో అన్నారు. బాంజో వాయిస్తూ చిందేసే నవ్వుమొహం గులాం, యజమాని దగ్గర హాయిగా ఉన్న గులాం, బుర్ర తక్కువ గులాం. ఆ బాంజో కూడా ఆఫ్రికా నుంచి గులాంలే తెచ్చుకున్న వాయిద్యం. తర్వాత నల్లవాళ్లను రైల్లో, బళ్లో వేరుగా కూర్చోబెట్టిన చట్టాలకు జనం పెట్టిన పేరు "జిమ్ క్రో చట్టాలు". ఒక మజాక్ పేరు చట్టానికి ఎక్కింది.

దెబ్బలు తట్టుకునే శరీరం సంగతి కూడా కొత్తదేం కాదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టర్ గులాంలు పారిపోవాలనుకోవడం ఒక జబ్బు అని వ్యాసం రాశాడు. ఇంకో జబ్బు కూడా కనిపెట్టాడు, అది వచ్చిన నల్లవాళ్ల చర్మానికి స్పర్శ మొద్దుబారుతుందట. కొరడా పట్టినవాడికి ఇంతకంటే అనుకూలమైన హకీం దొరకడు.

ఇప్పుడు 1990 నాటి హడోజీనీ 2022 నాటి హడోజీనీ పక్కపక్కన నిలబెట్టండి. కోతి అదే, రెక్క అదే. అప్పుడు ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకంటే అది కళాసీ మీద వేసిన మజాక్. ఇప్పుడు ఓడల్లో పట్టుకుపోవడం, అమ్మకం, నొప్పి తట్టుకునే ఒళ్లు, దయగల షాగిర్దులు, చిందు, తంబూరా అన్నీ ఒకే చోట చేరాయి. రాసినవాళ్ల నియ్యత్ ఏమిటో అల్లాహ్‌కే తెలుసు. కానీ ఆ సామాను అంతా ఒకే పాత సందూక్‌లోంచి వచ్చింది. ఊహాలోకపు ఖౌమ్ మీద జోకు వేయాలంటే రాసేవాడు ఆ జోకును ఎక్కడో ఒకచోట నుంచి అప్పు తెచ్చుకోవాలి. అప్పిచ్చినవాడు ఎవడో చూసుకోకపోవడమే ఇక్కడ జరిగింది.

ఆ సందూక్ మన దేశానికీ వచ్చింది. 1860లలో డేవ్ కార్సన్ అనే మిన్‌స్ట్రెల్ నటుడు బొంబాయి, కలకత్తాల్లో దుకాణం పెట్టాడు. ఇక్కడి గోరా సాహెబులకు నల్ల గులాం మీద జోకులు ఎంతసేపు? అందుకే ఇంగ్లీషు నేర్చిన బెంగాలీ బాబు మీద పాట కట్టాడు. అదే వేషం, అదే వెక్కిరింపు, మొహం మాత్రం మారింది. తన ప్రదర్శనకు "డేవ్ కార్సన్ సాహిబ్ కా పక్కా తమాషా" అని పేరు పెట్టుకున్నాడు. దానికి జవాబు కలకత్తా నేషనల్ థియేటర్ నటుడు అర్ధేందు శేఖర్ ముస్తఫీ ఇచ్చాడు. పేరు చూసి మనవాడనుకోకండి, బెంగాలీ హిందువు. 1873 ప్రాంతంలో సాహెబు వేషం కట్టి, "ముస్తఫీ సాహిబ్ కా పక్కా తమాషా" అంటూ దొరలనే ఆడించాడు. ఫిర్యాదు చేయలేదు, నిషేధించమనలేదు. నవ్వునే తిప్పి కొట్టాడు.

గోరాలను తిట్టి ఇక్కడితో ఆపితే మనవాళ్లకు హాయిగా ఉంటుంది. కానీ మన తారీఖ్‌లోనూ ఈ సందూక్ ఉంది.

దక్కన్‌లో మలిక్ అంబర్ పేరు వినే ఉంటారు. ఇథియోపియాలో పుట్టి, గులాంగా చేతులు మారి, అహ్మద్‌నగర్ సల్తనత్‌ను నడిపించినవాడు. తర్వాత ఔరంగాబాద్ అయిన ఖిడ్కీ నగరాన్ని 1610లో వేసింది ఆయనే. జహంగీర్ బాద్షా ఎన్ని ఫౌజులు పంపినా ఆయన్ను లొంగదీసుకోలేకపోయాడు. లొంగదీసుకోలేనప్పుడు ఏం చేస్తారు? తన తుజుక్‌లో ఆయన నల్లమొహాన్ని పట్టుకుని తిట్లు రాయించుకున్నాడు. 1616 ప్రాంతంలో అబుల్ హసన్ చేత ఒక తస్వీర్ గీయించుకున్నాడు. బాద్షా భూగోళం మీద నిలబడి, బల్లెం కొనకు గుచ్చిన అంబర్ తలకు బాణం వేస్తుంటాడు, ఆ తల దగ్గర గుడ్లగూబలు. నిజంలో ఆ తల 1626 దాకా, 80 ఏళ్లకు దగ్గర పడేవరకు, అంబర్ భుజాల మీదే క్షేమంగా ఉంది. ఆయన పోయాక మొగలుల తారీఖ్ రాసిన ముతమద్ ఖానే, ఒక హబ్షీ గులాం ఇంత ఎత్తుకు ఎదిగిన సంగతి ఇంకెక్కడా లేదన్నట్టు మెచ్చుకుంటూ రాయాల్సి వచ్చింది. ఆ తస్వీర్ ఇప్పుడు డబ్లిన్‌లో చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. చూడదగ్గ కళ, అందులో సందేహం లేదు. నాకు మాత్రం అది ఒక బాద్షా ఆడుకున్న ఊహాలోకపు ఆటలా కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి, బస్రాకు వెళ్దాం. హిజ్రీ 255లో పోయిన అల్-జాహిజ్ అరబీలో అందరికంటే పెద్ద హాస్య రచయిత. జాహిజ్ అసలు పేరు కాదు, వెక్కిరింపు పేరు. గుడ్లు బయటికొచ్చినవాడని అర్థం. ఆయన తన మీద తానే చెప్పుకున్న కిస్సా ఒకటి ప్రసిద్ధం. ఒక ఆడమనిషి ఆయన్ను చెయ్యి పట్టుకుని కంసాలి దగ్గరికి తీసుకెళ్లి, ఇలాంటిదే అని చెప్పి వెళ్లిపోయింది. ఏమిటయ్యా అంటే, ఉంగరం మీద షైతాన్ బొమ్మ చెక్కమంది, నేను షైతాన్‌ను ఎప్పుడూ చూడలేదన్నాను, అందుకని మిమ్మల్ని తెచ్చింది అన్నాడట కంసాలి.

ఆయన తాత నల్లవాడని పాత కితాబులు చెబుతాయి. ఆ రోజుల్లో బస్రా చుట్టుపక్కల ఉప్పు నేలల్లో జంజ్ అని పిలిచే ఆఫ్రికా గులాంలు మట్టి ఎత్తేవాళ్లు, పట్నంలో వాళ్ల మీద లతీఫాలకు కొదవ లేదు. జాహిజ్ తెల్లవాళ్ల మీద నల్లవాళ్ల గొప్పల గురించి ఒక రిసాలా రాశాడు. హజ్రత్ లుఖ్మాన్‌ను, హజ్రత్ బిలాల్ (రజి)ను ముందుకు తెచ్చి, మాట్లాడే హక్కు నల్లవాళ్లకే ఇచ్చి వాదన నడిపాడు. ఇది సీరియస్‌గా రాశాడా, ఇందులోనూ ఎవరినో ఆటపట్టిస్తున్నాడా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. హాస్యగాడికి ఈ బాధ తప్పదు. ఇంకో సంగతి, ఇదే జాహిజ్ పిసినారుల మీద రాసిన కితాబ్‌లో ఖొరాసాన్ వాళ్లను, ముఖ్యంగా మర్వ్ ఊరివాళ్లను ఉతికి ఆరేశాడు. అంటే ఒక ఊరు ఊరంతటినీ నవ్వులపాలు చేయడం ఆయనకూ వచ్చు. మరి తేడా ఏమిటి? ఆ కితాబ్‌లో పిసినారి నోరు తెరుస్తాడు. తన పిసినారితనానికి అంత అందమైన దలీల్ ఇస్తాడు, చదివేవాడు సగం ఒప్పుకుంటాడు. మర్వ్ వాళ్లను ఎవరూ ఓడల్లో అమ్మడం కూడా లేదు. జంజ్‌ల సంగతి వేరు. జాహిజ్ పోయిన ఏడాది తిరగకముందే, క్రీ.శ. 869లో, వాళ్లు తిరగబడ్డారు. ఆ బగావత్ అణచడానికి ఖలీఫా ఫౌజుకు 14 ఏళ్లు పట్టింది.

దీన్ సంగతికొస్తే హుకుం సాఫ్‌గానే ఉంది. ఒక ఖౌమ్ ఇంకో ఖౌమ్‌ను ఎగతాళి చేయొద్దని, చెడ్డ లఖబ్‌లు పెట్టొద్దని సూరా హుజురాత్ 11వ ఆయత్ చెబుతుంది. అబూ జర్ (రజి) ఒక మనిషిని అతని తల్లి పేరుతో ఎత్తిపొడిస్తే, నీలో ఇంకా జాహిలియత్ మిగిలి ఉందని రసూలుల్లాహ్ (స) అన్న సంగతి బుఖారీలో ఉంది. ఆ మనిషి పేరు అక్కడ లేదు, బిలాల్ (రజి) అని తర్వాతి ఉలమా రాశారు. జుమా ఖుత్బాల్లో విని, ఇంటికొచ్చి, కాస్త నల్లగా పుట్టిన పిల్లను "హబ్షీ" అని పిలిచే ఇళ్లు మనలో లేవా? షాదీ బరాత్‌కు మర్ఫా కావాలి, ఆ మర్ఫా వాయించే సిద్దీల ఇంటికి పిల్లనివ్వమంటే మాత్రం మొహాలు తిరుగుతాయి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులో ఏసీ అంటే చల్లగాలి మెషీన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన ఆ హబ్షీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఇక దూదేకుల వాళ్ల ఉర్దూ మీద, తెలుగు పేర్ల మీద షేక్, సయ్యద్ ఇళ్లలో వేసుకునే జోకుల చిట్టా విప్పితే ఈ వ్యాసం చాలదు.

మనం జోకుకు ఇంకో చివర కూడా ఉన్నాం. తెలుగు సినిమాలో సాయిబు అంటే వచ్చీరాని తెలుగు. హిందీ సినిమాలో హైదరాబాదీ అంటే హాస్యం. 1965లో గుమ్‌నామ్‌లో మహమూద్ దక్కనీ మాట్లాడే వంటవాడి వేషం వేశాడు, తన నల్లరంగు మీదే ఒక పాట పాడాడు. మన భాష, మన రంగు కలిపి ఒకే జోకు. కానీ మహమూద్ ఆ వంటవాడికి ఎంత ప్రాణం పోశాడంటే, హీరో ఎవరో మరిచిపోయినవాళ్లకు కూడా వంటవాడు గుర్తున్నాడు. మన సులేమాన్ ఖతీబ్ అదే దక్కనీలో మిజాహియా షాయరీ రాస్తే ముషాయిరాల్లో జనం విరగబడ్డారు. అక్కడ దక్కనీ మాట్లాడే అత్తా కోడళ్లకు కోపం ఉంటుంది, తెలివి ఉంటుంది, కన్నీళ్లుంటాయి. జోకు వాళ్లకు బయటి నుంచి వచ్చి తగిలింది కాదు.

హడోజీల దగ్గరికి తిరిగొద్దాం. 2022 సెప్టెంబర్ 2న ఆ ఆట యజమాని కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ మాఫీ కోరింది. ప్రచురణకు ముందు సరిగా పరిశీలించలేదని ఒప్పుకుంది. మాంత్రికుడి కిస్సా, చిందు బొమ్మ డిజిటల్ పుస్తకంలోంచి మాయమయ్యాయి, తర్వాతి ముద్రణల్లోనూ ఉండవని చెప్పింది. నవంబర్‌లో, ఇకమీద ప్రతి మాటా ప్రతి బొమ్మా బయటి సలహాదారులకు చూపిస్తామని ప్రకటించింది. డిసెంబర్ మొదట్లో "రేస్" అనే మాటనే వదిలేస్తున్నామంది. 2024 పుస్తకాల్లో దాని బదులు "స్పీషీస్" అని వచ్చింది.

తీసేయడం సరైన పనే. కానీ నాకు సగం పనిలా అనిపిస్తుంది. తీసేశాక హడోజీలకు మిగిలింది ఒక చిన్న వర్ణన, కొన్ని నియమాలు. జోకు పోయింది, దాంతో వాళ్ల తారీఖ్ కూడా పోయింది. ముస్తఫీ చేసినట్టు, జాహిజ్ చేసినట్టు వాళ్ల నోరు తెరిపించి మాట్లాడించే పని కంపెనీ చేయలేదు. హడోజీలకు మంచి కిస్సా ఇవ్వమని అడిగిన అభిమానులు అడిగింది అదే.

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ప్రతి ఆదివారం దోస్తులతో ఈ ఆట ఆడతాడు. వాడి దగ్గర ఉన్నది 2022 ఆగస్టు ముద్రణ, ఆ పేజీలు అలాగే ఉన్నాయి. "మామూజాన్, పుస్తకం పారేయలేదు, కథ మార్చుకున్నాం" అన్నాడు. వాళ్ల ఆటలో షాగిర్దులు లేరు. ఓడ అడుగున తాళం పగలగొట్టింది హడోజీలే, ఆ రాత్రి ఎలా గడిచిందో ప్రతి హడోజీ ఒక్కో రకంగా చెబుతాడట, ఎవరి మాటా ఇంకొకరి మాటతో కలవదట. మూడేళ్లుగా నడుస్తున్న ఆ కథలో ఇప్పుడు ఓడ కప్తాన్ అంబర్ బీ అనే హడోజీ ముసలమ్మ. పరమ పిసినారి. ఓడలో నూనె దీపం ఒకటే వెలిగిస్తుంది, అదీ ఎవరైనా అప్పు తీర్చడానికి వచ్చినప్పుడే.